తడి లేని ఇస్త్రీ వట్టి చాకిరీ

ప్రశ్న: మేము ఈమధ్యే తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులం. మా ఊళ్లో వీధి చివర ఇస్త్రీ బండి ఉండేది కాబట్టి ఈ పని గురించి ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ చేసే ఆయనకి బట్టలిస్తే మూడు రోజులకి గానీ తిరిగి రావు. అందుకని ఐరన్ బాక్స్ కొన్నాం. నాబ్ చివరిదాకా తిప్పి, బలమంతా పెట్టి రుద్దినా మావారి కాటన్ షర్టుల ముడతలు పోవడం లేదు. ఆయన నల్ల ప్యాంట్లు జేబుల దగ్గర నిగనిగ మెరుస్తున్నాయి. నా కుర్తీ ఒకటి పెట్టెకి అతుక్కుని పాడైపోయింది. వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి. అత్తగారిచ్చిన గద్వాల చీర కట్టుకోవాలి. దాని మీద ఐరన్ బాక్స్ పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. నిలబెట్టి ఆవిరి కొట్టే స్టీమర్ కొంటే ఇవన్నీ తీరతాయా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: స్టీమర్ సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడే కొనకండి. మీరు ఉత్తరంలో వేడి గురించి రాశారు, బలం గురించి రాశారు. నీళ్ల ఊసు ఒక్కచోటా లేదు. మీ షర్టుల జబ్బు అదే.

నూలు పోగు లోపల పొడవాటి గొలుసుల్లాంటి అణువులు ఉంటాయి. అవి పక్కపక్కన ఉన్నవాటితో సన్నటి లంకెలు వేసుకుని ఉంటాయి. తడి తగిలితే ఆ లంకెలు ఊడతాయి, గొలుసులు కదలడానికి వీలవుతుంది. ఆరేటప్పుడు బట్ట ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే లంకెలు మళ్లీ పడతాయి. వాషింగ్ మెషీన్‌లో ఉండచుట్టుకుని ఆరిన షర్టుకి ముడతలు అంత గట్టిగా పడేది ఇందుకే. వాటిని తీయాలన్నా దారి అదే: మళ్లీ తడి తగలాలి, బట్ట సాపుగా పరిచి ఉండగా ఆ తడి ఆరిపోవాలి. ఐరన్ బాక్స్ చేసేది ఆ ఆరబెట్టే పనే. ఎండి పెళపెళలాడే కాటన్ మీద మీరు ఎంత వేడి పెట్టినా లోపలి లంకెలు సరిగా ఊడవు. బట్ట పసుపురంగుకి తిరుగుతుంది, ముడత మాత్రం అక్కడే ఉంటుంది.

ఈసారి మీ అపార్ట్‌మెంట్ కింద ఆయన పని చేస్తుంటే ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. పక్కన చిన్న గిన్నెలో నీళ్లుంటాయి. బట్ట పరిచి, వేళ్లు ముంచి, విదిలించినట్టు చల్లుతాడు. చాలామంది ముందే ఐదారు బట్టల మీద చల్లి, చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెడతారు. పైది ఇస్త్రీ అవుతుండగా కింది వాటిలో తడి అంతటా సమంగా పాకుతుంది. ఇక బొగ్గుల పెట్టె బరువు మీకు తెలిసిందే. మన ఐరన్ బాక్స్ కిలో, కిలోన్నర ఉంటే అది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ బరువే నొక్కుతుంది కాబట్టి అతను నొక్కక్కర్లేదు, నడిపిస్తే చాలు. ఈమధ్య కొందరు గ్యాస్ పెట్టెలకి మారారు గానీ నీళ్లు చల్లడం మాత్రం ఎవరూ మానలేదు. ఆ బరువు మన దగ్గర లేదు. నీళ్లున్నాయి కదా, ఆ లోటు వాటితోనే పూడ్చుకోవాలి.

అన్నిటికంటే మేలైన పద్ధతి, షర్టు ఇంకా నెమ్ముగా ఉండగానే తీగ మీద నుంచి తీసేయడం. ముట్టుకుంటే చల్లగా అనిపించాలి, చేతికి మాత్రం తడి అంటకూడదు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి ఆ వేళ దొరకదు, నిజమే. అప్పుడు స్ప్రే సీసాతో ముందూ వెనకా సన్నగా కొట్టండి. కాలర్, కఫ్‌లు, గుండీల పట్టీ మందంగా ఉంటాయి, అక్కడ కాస్త ఎక్కువ కొట్టండి. తర్వాత షర్టుని గట్టిగా చుట్టి ఒక ప్లాస్టిక్ కవరులో అరగంట పెట్టండి. కొట్టిన వెంటనే ఇస్త్రీ మొదలుపెడితే పైన చుక్కలు చుక్కలుగా తడి, మధ్యలో పొడి. ఆ అరగంటే అసలు కిటుకు. వంట చేసుకునే ముందు చుట్టి పెడితే, వంటయ్యేసరికి షర్టులు సిద్ధంగా ఉంటాయి. రాత్రంతా మాత్రం అలా వదిలేయకండి, వానాకాలంలో అయితే ముక్కవాసన పట్టుకుంటుంది, ఇంకా బద్ధకిస్తే బూజు మచ్చలు కూడా వస్తాయి.

మీరు దేని మీద పెట్టి ఇస్త్రీ చేస్తున్నారో రాయలేదు. మంచం మీద అయి ఉంటుందని నా అనుమానం. పరుపు కిందికి దిగిపోతుంది కాబట్టి బట్టకి ఒత్తిడి అందదు, పైగా ఒక ముడత తీస్తే పక్కన రెండు కొత్తవి పడతాయి. ఫోమ్ పరుపు మీద వేడి పెట్టె మర్చిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చెక్క బల్ల మీద పాత నూలు దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద ఒక తెల్ల పంచె గట్టిగా లాగి పరవండి. మెత్తటి పాలిస్టర్ బ్లాంకెట్ వద్దు, అది వేడికి కరుగుతుంది. ఇస్త్రీ బోర్డు కొంటానంటే కొనండి, తప్పులేదు. కానీ తప్పనిసరి కాదు.

ఇక షర్టు. మందంగా ఉన్న, చిన్న చిన్న భాగాలు ముందు, విశాలమైనవి చివర. మొదట కాలర్. దాన్ని తిప్పి లోపలివైపు ముందు చేయాలి. కొస నుంచి మధ్యకి నడపండి, తర్వాత రెండో కొస నుంచి మధ్యకి. మధ్య నుంచి కొసకి తోస్తే బట్టంతా అక్కడికి చేరి మూలన చిన్న మడత పడుతుంది, అది అందరికీ కనబడే చోటు. కాలర్ పైన బుడగలు లేస్తుంటే ఒక మాట: కాలర్ బిరుసుగా నిలవడానికి లోపల అతికించిన బక్రం గుడ్డ, పై బట్ట నుంచి ఊడిపోయి ఉంటుంది. ఆ తప్పు మీ చేతిది కాదు, ఇస్త్రీతో అది పూర్తిగా పోదు. తర్వాత భుజాల పట్టీ. షర్టు భుజాన్ని బల్ల మూలకి తొడిగినట్టు పెడితే సులువు. తర్వాత కఫ్‌లు, గుండీలు విప్పి, లోపలివైపు ముందు. చేతులకి కింది కుట్టు పట్టుకుని రెండు పొరలూ సమంగా పరిచాకే పెట్టె ఆనించండి. పై పొర బాగుంటే సరిపోతుందనుకుంటాం, కింది పొరలో మడత పడితే అది గీతలా కాలిపోయి కూర్చుంటుంది. గుండీల పట్టీని తిరగేసి, గుండీలు కిందనున్న దుప్పటిలోకి దిగేలా వెనకనుంచి చేయండి. చివర్న ముందు భాగాలు, వీపు.

పెట్టెని రుద్దడం వేరు, నడపడం వేరు. రెండో చేత్తో బట్టని మెల్లగా ఎదురు లాగుతూ, పెట్టెని పొడవు దారం వెంట తిన్నగా, నెమ్మదిగా నడపండి. గుండ్రంగా, ఏటవాలుగా తిప్పితే బట్ట సాగి ఆకారం పోతుంది. ఆవిరి లేవడం ఆగేదాకా అదే చోట మీదుగా వెళ్లాలి. కాస్త తడి మిగిలి ఉండగా వదిలేస్తే పది నిమిషాల్లో మళ్లీ సన్నటి ముడతలు పడతాయి. అయిన షర్టుని వెంటనే మడవొద్దు, వేసుకోవద్దు కూడా. పై గుండీ పెట్టి హ్యాంగర్‌కి తగిలించి ఐదారు నిమిషాలు చల్లారనివ్వండి. ఆఫీసుకి బయల్దేరేముందు హడావుడిగా ఇస్త్రీ చేసి వేడిగా వేసుకున్న షర్టు బస్సు ఎక్కేసరికే నలిగిపోయేది ఇందువల్లే. అన్నట్టు, ఈ పేరా మీవారికి కూడా చదివి వినిపించండి. షర్టులు ఆయనవి, చేతులు ఆయనకీ ఉన్నాయి.

సగం పని ఉతికే దగ్గరే తగ్గించుకోవచ్చు. మెషీన్‌ని కుక్కి నింపకండి. షర్టులకి స్పిన్ వేగం తగ్గించి పెట్టండి. బీప్ కొట్టాక గంట ఆగకుండా తీసేసి, ఒక్కోటీ రెండు భుజాలూ పట్టుకుని రెండుసార్లు గట్టిగా విదిలించి, హ్యాంగర్‌కే ఆరేయండి. కాలర్, పట్టీలు తడిగా ఉండగానే చేత్తో సాపు చేయండి. తీగ మీద మడిచి క్లిప్పులు పెడితే ఆ క్లిప్పు గుర్తులు తీయడానికి మళ్లీ వేరే పని. మార్కెట్‌లో ముడత పడదని అమ్మే కాటన్ షర్టులున్నాయి. వాటికి నేను చెప్పిన లంకెలనే రసాయనంతో గట్టిగా బిగించేస్తారు. అమెరికాలో వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో అనే రసాయన శాస్త్రవేత్త బృందం గత శతాబ్దం మధ్యలో ఈ పని మీద పెద్ద అడుగు వేసింది. ఉద్యోగస్తులకి సౌకర్యమే, కానీ మన ఎండలకి మామూలు కాటన్ ఇచ్చే హాయి వాటికి కొంచెం తక్కువనే నేనంటాను.

మీ కుర్తీ సంగతి. నాబ్ చివరిదాకా తిప్పడం ఒక్క కాటన్‌కీ లినెన్‌కే పనికొస్తుంది. బట్ట లోపల కుట్టిన లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మ, అందులో చుక్కలు ఉంటాయి. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు దాటకూడదు, రెండంటే 150, మూడంటే 200. నైలాన్, అక్రిలిక్ లాంటివి ఒక చుక్కవి. పాలిస్టర్, ఉన్ని, పట్టు రెండు చుక్కలు దాటకూడదు. అదే పెట్టె మీద ఇంటు గుర్తు ఉంటే అసలు పెట్టొద్దని. కుర్తీల్లో ఇంకో గొడవ ఉంది. పైన కాటనే ఉంటుంది, లోపల లైనింగ్ మాత్రం క్రేప్ వేస్తారు, అది చాలాసార్లు పాలిస్టర్. రంగు పోకూడదని తిరగేసి ఇస్త్రీ చేస్తాం, అప్పుడు వేడంతా లైనింగ్ మీదే పడుతుంది. మీ కుర్తీ అలా పోయిందేమో చూడండి. రేయాన్ కుర్తీలు కరగవు గానీ తడిగా ఉన్నప్పుడు బలహీనంగా ఉంటాయి. అందుకని పిండకుండా ఆరేసి, కొద్ది నెమ్ము మీద, తిరగేసి, లాగకుండా చేయండి. లేబుల్ లేని బట్ట అయితే లోపలికి మడిచిన అంచు దగ్గర తక్కువ వేడితో ఒకసారి ఆనించి చూడండి.

ఇస్త్రీకి కూర్చున్నప్పుడు తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి కాటన్‌తో ముగించండి. పెట్టె వేడెక్కినంత తొందరగా చల్లారదు. నాబ్ వెనక్కి తిప్పి, లైటు ఆరింది కదా అని సిల్క్ మీద పెట్టేస్తే కొంప మునుగుతుంది. లైటు ఆరిందంటే కరెంటు ఆగిందని, చల్లబడిందని కాదు.

కుర్తీ అంటుకున్న పెట్టె అడుగు ఇప్పటికే గరగరలాడుతుంటుంది. తక్కువ వేడి పెట్టి, ప్లాస్టిక్ మెత్తబడగానే ప్లగ్ తీసి, చెక్క గరిటె అంచుతో గీకేసి, తడిపి పిండిన మందపాటి పాత తువ్వాలు మీద నాలుగైదుసార్లు నడపండి. మొండిగా మిగిలితే, చల్లారాక వంటసోడా, నీళ్లు కలిపిన ముద్దతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి. నాన్‌స్టిక్ పూత ఉంటే స్టీల్ పీచు దగ్గరికి రానివ్వద్దు. కాగుతున్న పెట్టెకి పారాసిటమాల్ బిళ్ల రుద్దమని అందరూ చెబుతారు. బిళ్ల చిన్నది, పెట్టె కాలుతోంది, మధ్యలో ఉండేవి మీ వేళ్లు. ఆ పొగ కూడా పీల్చదగ్గది కాదు.

నల్ల ప్యాంట్ల మెరుపుకి కారణం, వేడి పెట్టె నేరుగా ఆని పోగులు చదునైపోవడం. చాలా ఆఫీసు ప్యాంట్లలో పాలిస్టర్ కలిసి ఉంటుంది, అది వేడికి మెత్తబడి అణిగిపోతుంది, దాని మీద వెలుతురు అద్దం మీద పడ్డట్టు పడుతుంది. ఇకమీదట తిరగేసి చేయండి. బయటివైపు చేయాల్సిన చోట, అంటే ముందరి గీత దగ్గర, పాత నూలు పంచె ముక్కని తడిపి గట్టిగా పిండి పైన పరచండి. దాని మీద పెట్టెని దింపి, నాలుగు లెక్కపెట్టి, ఎత్తి పక్కన దింపండి. జరపొద్దు. ఇప్పటికే వచ్చిన మెరుపు లేతదైతే, అదే తడిగుడ్డ పద్ధతిలో ఆవిరి పట్టించి వేడి మీదే బట్టల బ్రష్‌తో నూగుకి ఎదురు లేపితే కొంత తగ్గుతుంది. పోగు కరిగిపోయి ఉంటే ఇక తగ్గదు. తెల్ల కాటన్ మీద లేత గోధుమరంగు మాడు మచ్చ పడితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్ది ఎండలో పెడితే చాలావరకు పోతుంది. ముదురు గోధుమరంగు అయితే పోగే కాలినట్టు.

స్టీమ్ వచ్చే ఐరన్ బాక్స్ కొన్నవాళ్లకి రెండు మాటలు. బోరు నీళ్లు పోయకండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల అవి ఉప్పునీళ్లు. సున్నం కట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, ఒక రోజు మీ తెల్ల షర్టు మీద తుప్పురంగు నీళ్లు కక్కుతుంది. ఫిల్టర్ నీళ్లు పోసి, పనయ్యాక మిగిలింది ఒంపేయండి. గంజి, సెంటు అందులో కలపొద్దు. 2000 వాట్ల స్టీమ్ ఐరన్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టొద్దు. 1000 వాట్ల మామూలు పెట్టెకి ఆ సాకెట్ సరిపోతుంది, కానీ మూడు పిన్నులూ దిగాలి. కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు: ఈ 1000 వాట్ల పెట్టెతో గంటసేపు ఆపకుండా చేసినా ఒక యూనిట్ కాదు, మధ్యమధ్య దానంతటదే ఆగుతుంది కాబట్టి.

ఇక మీరడిగిన స్టీమర్. జార్జెట్, షిఫాన్, మగ్గం వర్క్ ఉన్న లెహంగాలు, సూట్‌కేసులో నలిగిన పాలిస్టర్ కుర్తీలకి అది బాగుంటుంది. కాటన్ షర్టుకి ఆవిరి తగిలి ముడత వదులవుతుంది గానీ, సాపుగా నొక్కి ఆరబెట్టేది ఏదీ లేదు. కాలర్ నిలబడదు, ప్యాంటుకి గీత రాదు. మీ ఇంట్లో ఎక్కువగా ఉన్నవి షర్టులూ ప్యాంట్లే. ఆ డబ్బు ఉంచుకోండి.

చీరకి వద్దాం. ముందు ఆ గద్వాల ఏ రకమో చూడండి. పాత పద్ధతివైతే ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. ఇప్పుడు పూర్తి పట్టువి, సగం పట్టు సగం నూలు కలిపి నేసినవి కూడా వస్తున్నాయి. అత్తగారినే అడిగితే కచ్చితంగా చెబుతారు. నూలు ఒళ్లు, పట్టు అంచు అయితే ఒకే చీరలో రెండు బట్టలున్నట్టు లెక్క: ఒకదానికి తడీ వేడీ కావాలి, ఇంకోదానికి రెండూ పడవు. పట్టు మీద నీటి చుక్క పడితే మరక మిగిలే ప్రమాదం ఉంది. అందుకని మొత్తం చీర తడపడం, ఇంట్లో ఉతికేసి గంజి పెట్టడం లాంటివి చేయకండి. నూలు, పట్టు ఒకే తీరున కుంచించుకోవు. అంచు పక్కన కుచ్చుల్లా ముడుచుకుంటే మళ్లీ సరిచేయడం కష్టం.

పెళ్లికి వారం ముందు చీర విప్పి, మీరొక కొస, మీవారొక కొస పట్టుకుని, నిడివి వెంట ఒకసారి, మూల నుంచి మూలకి ఒకసారి మెల్లగా గుంజండి. సగం మడతలు అక్కడే వదులవుతాయి. తర్వాత నీడలో, గాలి ఆడే చోట ఒక పూట ఆరేయండి. ఇస్త్రీకి పట్టుతో మొదలుపెట్టండి, వేడి తక్కువ కావాలి కాబట్టి. అంచుని తిరగేసి, పైన పొడి నూలు గుడ్డ వేసి, సిల్క్ దగ్గర నాబ్ పెట్టి, దింపుతూ ఎత్తుతూ వెళ్లండి. జరీ మీద పెట్టెని ఈడ్వకండి. జరీలో వెండి పూతవి ఉంటాయి, రాగివి ఉంటాయి, ప్లాస్టిక్ పొరతో చేసినవీ ఉంటాయి. ప్లాస్టిక్ జరీ వేడికి ముడుచుకుపోతుంది. కాబట్టి మొదట నడుము దగ్గర లోపలికి దోపుకునే కొస మీద, ఎవరికీ కనబడని చోట, గుడ్డ వేసి ఒక్కసారి ఆనించి చూడండి. అంచులూ కొంగూ అయ్యాక వేడి కొంచెం పెంచి నూలు ఒంటికి రండి. దాని మీద స్ప్రే కొట్టొద్దు, తడిపి బాగా పిండిన గుడ్డ పరిచి దాని మీదుగా చేయండి. ఆ తడిగుడ్డ అంచు మీదకి జరగకుండా చూసుకోవడం ఒక్కటే కాస్త ఓపిక పని. చీర మీద పాత మరకలేవైనా ఉంటే ఇస్త్రీ చేయకండి, వేడికి అవి స్థిరపడిపోతాయి. ముందు డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. చీర మరీ పాతదై మడతల దగ్గర పట్టు చిట్లుతున్నట్టు కనిపించినా ఇంట్లో ముట్టుకోవద్దు, చీరల రోలింగ్ చేసేవాళ్లకి చూపించండి.

పెళ్లి నుంచి రాగానే బీరువాలో పెట్టేయకండి. చెమట ఆరేదాకా గాలికి ఆరేసి, ఇస్త్రీ చేయకుండానే, పాత గీతల మీద కాకుండా వేరే చోట మడతలు వచ్చేలా మడిచి, తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి. కలరా ఉండలు వేసే అలవాటుంటే బీరువా మూలన ఓ గుడ్డ మూటలో వేయండి, జరీకి తగలకూడదు.